గోప్యత హక్కు కూడా ఆదాయాన్ని బట్టేనా?

ఇప్పుడే పిన్నితో ఫోన్ మాట్లాడి పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నాను. పెద్ద పోస్ట్ అవుతుంది. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

పిన్నికి ఒంటరి మహిళ పింఛన్ వస్తుంది. నెలకు నాలుగు వేలు. వాళ్లాయన ఇల్లు వదిలి వెళ్లిపోయి ఏళ్లు గడిచాయి, ఆ సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఇవాళ పొద్దున పింఛన్ తనిఖీ అంటూ ఒకాయన ట్యాబ్ పట్టుకుని వచ్చాడు. లోపలికి వచ్చి కూర్చోండి బాబూ అంటే రాలేదు. గుమ్మంలోనే నిలబడి, ఎదురుగా కుళాయి దగ్గర బిందెలతో ఉన్న ఆడవాళ్లందరికీ వినపడేలా "మీ ఆయన అప్పుడప్పుడూ వచ్చి పోతుంటాడా అమ్మా?" అని అడిగాడు. లేదంది. రాసుకుని పోవచ్చుగా? పోలేదు. పక్కింటావిడ వైపు తిరిగి "నిజమేనా? ఇంకెవరైనా మగవాళ్లు వస్తుంటారా?" అన్నాడు.

యాభై దాటిన మనిషిని పట్టుకుని నడివీధిలో అడిగే మాటేనా అది?

ఇంతలో ఆయన కళ్లు గుమ్మం పక్కనున్న మగ చెప్పుల మీద పడ్డాయి. "ఇవెవరివి మరి?" అని గొప్ప ఆధారం దొరికినట్టు అడిగాడట. అవి వాళ్లబ్బాయి ఎప్పుడో వదిలేసి వెళ్లిన పాత చెప్పులు. ఒంటరిగా ఉంటున్న ఆడమనిషి కదా, ఇంట్లో మగదిక్కు ఉందనుకుంటే దొంగలు రారని పిన్నే వాటిని గుమ్మం దగ్గర పెట్టుకుంది. వారానికోసారి దుమ్ము కూడా దులుపుతుంది, రోజూ ఎవరో తొడుక్కుంటున్నట్టు కనపడాలని. ఆ ముక్క ఆయనకి చెప్పింది. వీధి మొత్తానికీ చెప్పినట్టే అయింది. ఇక ఆ చెప్పులు అక్కడ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆయన మాత్రం చెప్పులకి కూడా ఫొటో తీసుకుని వెళ్లాడు. ఆ ఫొటో ఏ ఫోన్లో, ఏ వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందో దేవుడికే తెలియాలి.

"పింఛన్ తీసేసినా పర్లేదురా, మళ్లీ ఆ ప్రశ్న అడక్కుండా ఉంటే చాలు" అంటోంది పిన్ని. ఆ నాలుగు వేలలోనే మందులు, కరెంటు బిల్లు, గ్యాస్ అన్నీ.

ఇప్పుడు వచ్చేస్తారు, "దొంగ పింఛన్లు ఏరేయొద్దా?" అని. ఏరేయండి మహాప్రభో, ఎవరు కాదన్నారు? చెవులు బాగా వినపడేవాళ్లు వినికిడి లోపం సర్టిఫికెట్లు కొనుక్కున్నారని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మరి అమ్మినవాడి సంగతేంటి? 2025లో మన ఆంధ్రలో దివ్యాంగుల పింఛన్లన్నీ మళ్లీ పరిశీలిస్తామన్నారు, ఆగస్టులో నోటీసులిచ్చారు, గొడవయ్యాక అప్పీలు చేసుకోండి అన్నారు. నోటీసు వచ్చింది పింఛన్ తీసుకునేవాళ్లకి. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినవాడి వీధిలోకి వెళ్లి "ఈయన డబ్బులు తీసుకుంటాడా అమ్మా?" అని ఎవరైనా పక్కింట్లో అడిగారా? అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటే ఇదే.

చట్టాల సంగతికి వద్దాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జిలు ఒక్క మాట మీద నిలబడి గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఏడాది తిరిగేసరికి, 2018 సెప్టెంబరు 26న, ఆధార్ తీర్పు వచ్చింది. బ్యాంకు ఖాతాకి ఆధార్ తప్పనిసరి కాదు అన్నారు. సిమ్ కార్డుకీ కాదు అన్నారు. సంతోషం. సర్కారు ఇచ్చే పింఛన్‌కి, రేషన్‌కి మాత్రం అడగొచ్చు అన్నారు. ఐదుగురిలో ఒక్క జడ్జి ఒప్పుకోలేదు, నలుగురు సరే అన్నారు. అంటే ఖాతాలో డబ్బున్నవాడు "నా వివరాలు నా ఇష్టం" అనొచ్చు. నాలుగు వేల కోసం ఎదురు చూసేవాళ్లు వేలిముద్రా ఇవ్వాలి, మొహమూ చూపించాలి, చెప్పులెవరివో కూడా చెప్పాలి. 2023లో డేటా రక్షణ చట్టం తెచ్చారు కదా, అందులోనైనా దిక్కు ఉంటుందేమో అనుకుంటే, పథకాలూ సబ్సిడీలూ ఇవ్వడానికైతే సర్కారు తన దగ్గరున్న వివరాల్ని మనల్ని మళ్లీ అడగకుండానే వాడుకునే వెసులుబాటు ఏడో సెక్షన్లోనే పెట్టుకున్నారు.

పోనీ తీసుకున్నది భద్రంగా దాచారా? 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ నివేదిక వచ్చింది. నాలుగు ప్రభుత్వ సైట్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని లెక్క తేల్చారు. చాలామందివి బ్యాంకు ఖాతా నంబర్లతో సహా. ఆ నాలుగింట్లో ఒకటి వృద్ధులకీ వితంతువులకీ పింఛన్లిచ్చే కేంద్ర పథకానిది. రెండు మన ఆంధ్రవి, చంద్రన్న బీమా, ఉపాధి హామీ చెల్లింపులు. ఎంత గర్వకారణమో చూడండి! టెక్నాలజీలో మనమే ముందు!

మన ఆంధ్రలో పింఛన్లకి పెట్టిన ఆరు అంచెల పరిశీలన గుర్తుందా? నెలకు కరెంటు 300 యూనిట్లు దాటితే కట్, కారుంటే కట్, పల్లం మూడెకరాలో మెట్ట పదెకరాలో దాటితే కట్. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఒకే మీటరు మీద మూడు కాపురాలుంటే? మీ ఆధార్ ఇంకెవరి మీటరుకో అతుక్కుంటే? కంప్యూటర్‌కి అవన్నీ పట్టవు. ఆ ముక్కే చూపించి నీకు పింఛన్ లేదు పొమ్మంటుంది. ఆ మీటరు నాది కాదని నిరూపించుకోవాల్సింది మాత్రం మనమే. ఆరోపణ వాళ్లది, ఆధారాలు మనవి.

పక్కనున్న తెలంగాణ వాళ్లు నవ్వకండి, జనం వివరాలన్నీ ఒకచోట కలిపి చూసే మీ సమగ్ర వేదిక సాఫ్ట్‌వేర్ సంగతీ తెలుసు. రిక్షా తొక్కే మనిషి పేరు కారున్న ఇంకెవరి పేరుతోనో కలిసిపోయి, ఆ ఇంటికి బియ్యం ఆగిపోయాయి. ఇంటికెళ్లి చూడకుండా కార్డులు తీసేశారన్న పిటిషన్ మీద, రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల్ని మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఇలాగే వేలమంది తల్లిదండ్రుల మీద పిల్లల సంరక్షణ భత్యం దొంగలని ముద్ర వేస్తే 2021 జనవరిలో ఏకంగా ప్రభుత్వమే రాజీనామా చేసింది. మన దగ్గర ఒక గుమస్తా సారీ చెప్పినట్టు విన్నారా ఎవరైనా?

అన్నిటికంటే మండించింది ఇంకొకటి ఉంది. ఈ సంగతి మా ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా పెదనాన్న వెంటనే వాలిపోయారు. "దాచడానికి ఏమీ లేనివాళ్లకి భయమెందుకమ్మా? తనిఖీ మంచిదే" అని, పైన దండం పెట్టే బొమ్మ ఒకటి. ఆ మెసేజ్ పిన్ని కూడా చదివింది. చదివి గ్రూపులోంచి బయటికి వెళ్లిపోయింది.

మా పెదనాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయనకీ పింఛన్ వస్తుంది. నాలుగు వేలు కాదులెండి. ఏడాదికోసారి నవంబరులో సోఫాలో కూర్చుని ఫోన్ మొహం ముందు పెట్టుకుంటారు, జీవన్ ప్రమాణ్ అయిపోతుంది. బతికి ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న. ఎవరితో ఉంటున్నారు, ఫ్రిజ్ ఎవరు కొనిచ్చారు, గుమ్మంలో చెప్పులెవరివి, ఇవేవీ ఎవరూ అడగరు. అడక్కూడదు కూడా, అది ఆయన హక్కు. అదే మర్యాద మా పిన్నికి ఎందుకు లేదంటే "అది కష్టార్జితం, ఇది ఉచితం" అంటారు. నలభై ఏళ్లు కూలికెళ్లిన మనిషిది కష్టం కాదన్నమాట. కూలికెళ్లినదానికి సర్వీసు రిజిస్టరు ఉండదు కదా మరి.

సరే, తనిఖీ అన్నారు కాబట్టి తనిఖీ గురించే మాట్లాడుకుందాం. తాతయ్య పొలం అమ్మినప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం మీద ఒక రేటు, చేతికొచ్చింది ఇంకో రేటు. ఊళ్లో అందరూ చేసేదే, ఏ ట్యాబూ ఆ గుమ్మం దాకా రాలేదు. కానీ మా నాన్న వాటా మాత్రం కాగితం మీదున్న రేటు లెక్కనే కట్టి ఇచ్చారు. నాన్న నోరెత్తలేదు, అన్నయ్య కదా అని. పోయేదాకా ఎత్తలేదు.

పెదనాన్నా, మీరు నా పోస్టులన్నీ చదువుతారని, లైక్ మాత్రం కొట్టరని నాకు తెలుసు. దాచడానికి ఏమీ లేదు కదా, ఆ మిగతా డబ్బు ఏ ఖాతాలో పడిందో గ్రూపులో పెట్టండి. పాస్‌బుక్ పేజీ ఫొటో చాలు.