మాస్టారూ, ఒకసారి మ్యాటెక్కండి

కరాటే మాస్టార్ల సంక్షేమం ఏ ప్రభుత్వానికీ పట్టలేదు. సుమన్, భానుచందర్ తెర మీద కాళ్లు విసిరిన రోజుల్లో ఉత్సాహపడి నేర్చుకుని, ఆపైన పాతికేళ్లు స్కూలు గ్రౌండులో పిల్లల చేత జపాన్ భాషలో "ఇచ్, నీ, సాన్" అని ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టించిన మనిషికి పాత శిష్యులంతా ఒక్కచోట దొరికే సందర్భాలు రెండే. ఒకటి షష్టిపూర్తి, రెండోది టోర్నమెంటులో వెటరన్స్ కుమితే, అంటే వయసు మళ్లినవాళ్ల ముఖాముఖి పోరు. మొదటిదానికి అప్పు చెయ్యాలి, రెండోది ఎంట్రీ ఫీజుతో పోతుంది. పైగా మెడ నిండా మెడల్.

మెడల్ విషయంలో ఎవరూ అనుమానం పెట్టుకోనక్కర్లేదు. 35 దాటినవాళ్ల విభాగంలో మన ఊళ్లలో దిగేది ముగ్గురో నలుగురో. కరాటేలో కంచు పతకాలు రెండు కాబట్టి నలుగురొస్తే నలుగురూ విజేతలే. ముగ్గురొస్తే ఒకరికి బై, పోటీ లేకుండానే ఫైనలు, అంటే చెయ్యెత్తకుండానే వెండి ఖాయం. ఆ బై ఎవరికి పడాలో విధి నిర్ణయిస్తుంది. డ్రా తీసే కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు మాస్టారి దగ్గర ఆరెంజ్ బెల్టు దాకా వచ్చినవాడైతే విధి కాస్త సర్దుకుంటుంది. ఒలింపిక్స్ బెంగ కూడా అక్కర్లేదు. కరాటే టోక్యోలో ఒక్కసారి ఆ ముచ్చట తీర్చుకుంది, 2024లో పారిస్ దాన్ని పిలవలేదు.

గండమల్లా బట్టల దగ్గర. ప్రపంచ కరాటే సమాఖ్య నియమాల ప్రకారం జాకెట్టు తుంటిని కప్పాలి, తొడలో ముప్పాతిక దాటకూడదు. ప్యాంటు మోకాలి కింద కనీసం మూడింట రెండొంతులు దిగాలి. జాకెట్టు చేతులు పైకి మడవకూడదు. ఇరవై ఏళ్ల నాటి కాటన్ గీ (కరాటే దుస్తులు) ఉతుకుల్లో కుదించుకుపోయి ఉంటుంది, లోపలి మనిషి ఎదురు దిశలో ప్రయాణించి ఉంటాడు. ఇక బెల్టు. మ్యాట్ మీద నలుపు చెల్లదు, ఎరుపో నీలమో కట్టాలి, ముడికి అటూ ఇటూ 15 సెంటీమీటర్ల కొసలు మిగలాలి. నిర్వాహకులు ఇచ్చేవి పిల్లల సైజువి. మాస్టారి నడుము చుట్టూ రెండు చుట్లు తిరిగేసరికి ముడికే గుడ్డ చాలదు, కొసల మాట దేవుడెరుగు. రెండు రంగుల బెల్టులు, రెండు రంగుల గ్లవ్స్ సొంతంగా పట్టుకెళ్లడమే క్షేమం. కళ్లద్దాలు నిషిద్ధం. మెత్తటి కాంటాక్ట్ లెన్సులు సొంత పూచీ మీద పెట్టుకోవచ్చు. పెట్టుకోకపోతే స్కోరుబోర్డు కనపడదు, అదీ ఒకందుకు మంచిదే.

పోటీ జరిగే చోటు 8 మీటర్లకు 8 మీటర్లు, చుట్టూ మరో మీటరు రక్షణ జాగా. అంటే మీటరు చదరం మ్యాట్లు సరిగ్గా వంద కావాలి. ఫంక్షన్ హాలు పాలరాతి మీద పరిస్తే అవి ఒకచోట నిలవవు. పొద్దుటి నుంచి పిల్లల పోటీలు నడిచి, వెటరన్స్ పిలుపు వచ్చే సాయంత్రానికి అతుకుల మధ్య వేలు పట్టేంత సందు పడుతుంది. మవాషి గెరి (కాలు పక్క నుంచి తిప్పి తన్నే తన్ను) కోసం నిలబడ్డ కాలు తిప్పేటప్పుడు బొటనవేలు ఆ సందులో ఇరుక్కుంటుంది. ఒళ్లు తిరుగుతుంది, మోకాలు తిరగదు. కాబట్టి పిలుపు రాగానే గంభీరంగా నడుస్తున్నట్టు అంచులన్నీ తొక్కి చూసి, టేపు వేయించాలి. పొద్దున ఎనిమిదికి చేసిన వార్మప్ మధ్యాహ్నం బిర్యానీ దాకా కూడా నిలవదు. బౌట్‌కి ముందు మళ్లీ చెమట పట్టేదాకా చెయ్యకపోతే మొదటి దూకుడుకే పిక్క పట్టేస్తుంది.

మ్యాట్ మీద లెక్క తేలిక. గుద్దుకు ఒక పాయింటు యుకో, నడుముకు పైన శరీరానికి తన్నితే రెండు పాయింట్లు వజారి, తలకు తన్నితే మూడు పాయింట్లు ఇప్పోన్. యాభై దాటినవారికి తల కన్నా నడుము దగ్గర, నడుము కన్నా గ్యాకు జుకి (వెనక చేతి గుద్దు) దగ్గర. పెద్దల పోటీకి మామూలుగా సమయం మూడు నిమిషాలు, రెఫరీ "యామె" (ఆపండి) అన్నప్పుడల్లా గడియారం ఆగుతుంది. ఊపిరి మాత్రం మొదటి నిమిషంలోనే అయిపోతుంది. అలిసిన చెయ్యి దూరం అంచనా తప్పి మొహానికి గట్టిగా తగులుతుంది, పాయింటుకు బదులు హెచ్చరిక వస్తుంది. కటాలో (ప్రత్యర్థి లేకుండా ఒంటరిగా చేసే కదలికల వరసలో) నడుముకు లాగిన చెయ్యి అలవాటు కొద్దీ ఇక్కడా అక్కడే ఉండిపోతే మొహం ఖాళీ. ఎదుటివాడి కోచ్ కుర్చీలో కూర్చున్నవాడికి ఈ సంగతి బాగా తెలుసు. మాస్టారి దగ్గర నేర్చుకుని, పక్క వీధిలో అంతకన్నా పెద్ద ఫ్లెక్సీతో అకాడమీ పెట్టినవాడు వాడే.

ఇక మూలల్లో జడ్జీలు. నలుగురిలో కనీసం ఇద్దరు జెండా ఎత్తితేనే పాయింటు. నలుగురూ పాత శిష్యులైతే గురుభక్తితో జెండాలు రెపరెపలాడతాయని మాస్టారు ఆశపడటం సహజం. కానీ ఆలస్యంగా వచ్చినందుకు కంకర మీద పిడికిళ్లతో పుషప్స్ తీసినవాడు ఒక మూల, గ్రేడింగ్‌లో (బెల్టు పరీక్షలో) రెండుసార్లు ఫెయిలై రెండుసార్లూ ఫీజు కట్టినవాడు ఇంకో మూల. మూడోవాడు మహా భక్తుడు, కుర్చీ దిగి కాళ్లకు దణ్ణం పెట్టబోతాడు, ఆ హడావుడిలో దెబ్బ చూడడు. ఆ దణ్ణమేదో పొద్దున్నే రిజిస్ట్రేషన్ దగ్గర పెట్టించుకోవడం మేలు. నాలుగోవాడితోనే అసలు ప్రమాదం, వాడికి పాఠం గుర్తుంది. దెబ్బ లెక్కలోకి రావాలంటే ఆరు ఉండాలి: రూపం, క్రీడాస్ఫూర్తి, బలం, సమయం, దూరం, జాన్‌షిన్ అనే అప్రమత్తత. ఈ ఆరూ వాడి చేత బెత్తంతో బట్టీ పట్టించింది మాస్టారే. గుద్దు తగలగానే ఆయన గ్యాలరీలోని పేరెంట్స్ వైపు తిరిగి నవ్వుతారు. జాన్‌షిన్ పోయింది. జెండా లేవదు. అప్పీలు ఎవరికి చేసుకోవాలి?

కిందపడితే పది సెకన్లలో లేవాలి, లేకపోతే పోటీ అయిపోయినట్టే. లెక్కపెట్టే రెఫరీ కూడా శిష్యుడే. ఇచ్, నీ, సాన్ ఎంత నెమ్మదిగా లెక్కపెట్టాలో వాడికి మాస్టారి దగ్గరే అలవాటైంది. గుర్రపు భంగిమలో తొడలు వణుకుతూ నిలబడ్డ రోజుల్లో ఐదుకీ ఆరుకీ మధ్య ఆయన ఫోన్ మాట్లాడి వచ్చేవారు.

బహుమతి ప్రదానం తర్వాత శిష్యులంతా ఫొటోకి చేరతారు, నంబర్లు తీసుకుంటారు, పసుపు బెల్టు కట్టిన తమ పిల్లల్ని చూపిస్తారు. వాళ్ల ఫీజు వేరే అకాడమీకి వెళ్తోందన్న మాట ఆ సమయంలో ఎత్తకూడదు. భోజనాల దగ్గర మాత్రం ఒక విధానపరమైన చిక్కుంది. కోచ్‌లకూ జడ్జీలకూ కూపన్లతో ఒక లైను, ఆటగాళ్లకు డబ్బులు కట్టే లైను వేరే. మాస్టారు ఎందులో నిలబడాలో నిర్వాహక కమిటీ ఇంతవరకూ తేల్చలేదు.