ముందుకు పొమ్మంటే వెనక్కి

నల్లగొండ నుంచి హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. బస్సెక్కి కోఠి గుజరాతీ గల్లీ దాకా పోయి ఆర్డుయినో ఊనో (కోడ్ ఎక్కించే చిన్న బోర్డు), ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్ (ఆ బోర్డు మాట విని మోటార్లు తిప్పేది), రెండు పసుప్పచ్చ మోటార్లు, రెండు ఐఆర్ (కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి) సెన్సర్లు బేరమాడి తెచ్చుకున్నాం. పోటీ కోసం, తెల్ల చార్టు మీద నల్ల టేపు అంటిస్తే ఆ గీత పట్టుకుని పోయే బండి చేయాలి. తెలుపు ఐఆర్‌ను తిప్పికొడుతుంది, నలుపు మింగేస్తుంది, కథంతా అంతే. కోడ్ నాది, వైర్లు మా రూమ్మేట్‌వి. జట్టులో మూడో మనిషి ఒక అమ్మాయి, ఆమెకు మేం ఏ పనీ చెప్పలేదు కాబట్టి, ఆమె బండి ముందు రెండు పెద్ద కళ్ల స్టిక్కర్లు అంటించింది.

పోటీకి ముందురోజు రాత్రి బండి మొదటిసారి కదిలింది. వెనక్కి. షాబాద్ బండల మీద గరగరమంటూ పోయి మంచం కింద దూరింది.

దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు. ఒక్కో మోటార్‌కు రెండు పిన్నులు. ఒకటి హై (కరెంటు ఉన్నట్టు), ఇంకోటి లో (లేనట్టు). అవి తారుమారు చేస్తే చక్రం ఎదురు తిరుగుతుంది. రూమ్మేట్ నిద్రపోయాక కోడ్‌లో హైలు లోలు మార్చి అప్‌లోడ్ కొట్టా. బ్యాటరీ అయిపోతుందని నడిపి చూడలేదు. (ఈ పొదుపు మా నాన్న నుంచి వచ్చింది.)

పొద్దున బండి మళ్లీ వెనక్కే.

"కోడ్ సక్కగ రాయరాదురా? రాత్రి నేను లేచి వైర్లు గూడ తిప్పి బిగించిన!" అన్నాడు వాడు.

మైనస్ ఇంటూ మైనస్. లెక్కల పరీక్షలో అయితే సంతోషించేవాళ్లం. "నీ వైర్లు తియ్యి" అని నేను, "నీ కోడే తియ్యి" అని వాడు, టిఫిన్ దాకా కొట్లాడుకున్నాం. తర్వాత పోనీలే పాపం అనిపించి నేను చాటుగా కోడ్ పాతది ఎక్కించా. వాడికీ సరిగ్గా అప్పుడే జాలి కలిగిందట.

జడ్జిల ముందు స్విచ్ వేశాం. వెనక్కి.

నాకు చెమటలు. వాడు నా వైపు, నేను వాడి వైపు. ఆ అమ్మాయి మాత్రం స్క్రూడ్రైవర్ అందుకుని, సెన్సర్లు రెండూ విప్పి, ఎడమది ఎడమకే, కుడిది కుడికే ఉంచి, బండి తోక దగ్గర బిగించింది.

"ఇగ ఇదే ముందు" అంది.

బండి గీత పట్టింది, మలుపుల్లో కూడా వదల్లేదు. ఒక జడ్జి గారు వంగి చూశారు.

"కండ్లు ఎన్కకు వెట్టిన్రేందమ్మా?"

"ఈళ్లిద్దరు మల్ల ఏమన్న సరిచేస్తరేమోనని చూస్తుంది సార్."