దోమతెర అటకెక్కితే తప్పు ఎవరిది?

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు పనిచేసే మన తెలుగు నర్సుల వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులుగా ఒక మెసేజ్ తిరుగుతోంది. "నివారణ థియరీలు పరీక్ష రాయడానికే. ఫీల్డ్‌లో కావలసింది సూది, మందు. రోగం రాకముందు చేసేదే నివారణ, వచ్చాక చేసేది వైద్యం. కొండ ఊళ్ళవాళ్ళు ఎంత చెప్పినా వినరు. అమెరికా పుస్తకాలు ఇక్కడ పనికిరావు." నర్సింగ్ చదివే పిల్లలు కూడా దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

"రోగం రాకముందు చేసేదే నివారణ." ఇది సగం మాట. ప్రజారోగ్య నిపుణులు లీవెల్, క్లార్క్ చెప్పిన మూడు నివారణ అంచెల్లో అది మొదటిది. జబ్బుని తొలిదశలోనే పట్టుకోవడం రెండోది. ఉన్న జబ్బు మనిషిని మంచాన పడేయకుండా చూడడం మూడోది. మన మలేరియానే తీసుకోండి. 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ కార్యక్రమం మొదలుపెట్టింది. సరైన దారి లేని ఊళ్ళకి వెళ్ళి, జొరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేసి, మలేరియా తేలినవాళ్ళకి మందు ఇవ్వాలి. అలాంటి ఒక శిబిరంలో, గెంతుతూ ఆడుకుంటున్న ఆరేళ్ళ పిల్లని పిలిచి వేలు గుచ్చాను. ఒళ్ళు చల్లగానే ఉంది. పావుగంటకి పరీక్ష కిట్‌లో రెండో గీత తేలింది, అంటే మలేరియా ఉన్నట్టే. ఆ పిల్లకి మందు వేయడం రెండో అంచె. తనని కుట్టిన దోమ నుంచి పక్కింటి పసివాడికి జబ్బు అంటకుండా ఆపింది కూడా ఆ మందే, వాడికది మొదటి అంచె. జొరంతో వచ్చినవాళ్ళనే చూస్తానని సబ్‌సెంటర్‌లో కూర్చుని ఉంటే ఆ పిల్ల నా కంట పడేదే కాదు. రాష్ట్రంలో 2017లో 3.4 లక్షలు దాటిన మలేరియా కేసులు 2018లో 70 వేల లోపుకి దిగాయి. దోమతెరలు పెద్దఎత్తున పంచడం కూడా అందుకు కారణమే.

"ఎంత చెప్పినా వినరు." నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది ఈ మాట. 1950ల నాటి అమెరికాలో క్షయకి ఛాతీ ఎక్స్‌రే ఉచితంగా తీస్తామన్నా చాలామంది రాలేదు. ఎందుకు రాలేదని హాక్‌బామ్, రోజెన్‌స్టాక్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు వెతికితే హెల్త్ బిలీఫ్ మోడల్ పుట్టింది. ఈ జబ్బు నాకొస్తుందా, వస్తే ప్రమాదమా, మీరు చెప్పింది చేస్తే మేలేనా, చేయడానికి అడ్డేమిటి అని మనిషి తనలో తాను తూచుకుంటాడని అది చెబుతుంది.

నేనూ ఒకప్పుడు "వినరు" అన్నదాన్నే. ఒక సవర ఊళ్ళో పంచిన దోమతెర మడత విప్పకుండా అటక మీద కనబడితే ఆ ఇంటామె మీద గట్టిగా కేకలేశాను. నాతో వచ్చిన ఆశా దీదీ (ఊరి ఆరోగ్య కార్యకర్త) ఆమెని నెమ్మదిగా అడిగి నాకు చెప్పింది: "ఎండాకాలం పిల్లలు అరుగు మీద పడుకుంటారు దీదీ. అక్కడ తెర దేనికి కడతామంటోంది." అరుగుకి చూరు తప్ప పట్టు లేదు. ఆమెకి మలేరియా అంటే భయం ఉంది, తెర మంచిదని కూడా తెలుసు. అడ్డల్లా నాలుగు మూలలు కట్టుకునే చోటు లేకపోవడమే. రెండు వెదురు కర్రలు పాతి, చూరు వాసాలకి తాడు వేసి ఆ సాయంత్రమే కట్టాం. అప్పటిదాకా నేను చెప్పిందంతా దోమ గురించే, అరుగు గురించి ఒక్క మాటా అడగలేదు.

"అమెరికా పుస్తకాలు." ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. 1982లో అమెరికా నర్సింగ్ ప్రొఫెసర్ నోలా పెండర్ ఇచ్చిన హెల్త్ ప్రమోషన్ మోడల్ (మనిషి ఆరోగ్యకరమైన అలవాట్లు ఎలా చేసుకుంటాడో చెప్పేది) మనిషి మనసు మీద, అలవాట్ల మీద ఎక్కువ నిలబడుతుంది. అర కిలోమీటరు దిగి ఊట నీళ్ళు మోసుకొచ్చే మనిషికి చేతులు కడుక్కో అని పాఠం చెప్పడానికి నాకే నోరు రాదు. అక్కడ ముందు పంచాయతీకి వెళ్ళి బోరు సంగతి అడగాలి, అదీ నర్సు పనే.

వచ్చే వారం విద్యార్థులతో మళ్ళీ ఆ ఊరికే వెళ్తున్నాం. ఇంటింటి సర్వే కాగితంలో మొదటి ప్రశ్న మార్చాం: "రాత్రి పిల్లలు ఎక్కడ పడుకుంటారు?"