'ఎబౌట్' కిటికీ గారికి తమ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ వ్రాయు లేఖ

మహారాజశ్రీ 'ఎబౌట్ ఫైర్‌ఫాక్స్' కిటికీ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఉభయ అన్నది అలవాటు కొద్దీ రాయడమే గానీ, తమరి కుశలం మీదే మాకు అనుమానంగా ఉంది.

విండోస్‌లో ఉన్నన్నాళ్లూ తమరు ఎంత చలాకీగా ఉండేవారు! ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ హెల్ప్ మెనూలోంచి ఒక్క పిలుపు చాలు. కొత్త వెర్షన్ వెతికేవారు, దించుకునేవారు, 'రీస్టార్ట్ చేయండి' అని బటన్ తెచ్చి చేతిలో పెట్టేవారు. లినక్స్ గడప తొక్కగానే ఏమైందో, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు. నక్క బొమ్మ, వెర్షన్ నంబరు, లైసెన్సు లింకు, కొన్నిచోట్ల ప్యాకేజీ పేరు, అంతే. కొన్ని ఇన్‌స్టాలేషన్లలో ఇంకో అడుగు ముందుకేసి 'అప్‌డేట్లను మీ సంస్థ నిలిపివేసింది' అంటారు. ఏ సంస్థండీ? బల్ల మీద ఒక కంప్యూటరు, దాని ముందు ఒక మనిషి. పాత రోజుల్లో ఇదే ముక్కను 'మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ నిలిపివేశారు' అని రాసేవారు. నిన్నగాక మొన్న లినక్స్ ఎక్కించుకున్నవాడు ఆ మహానుభావుడెవరో కనుక్కుని కాళ్లావేళ్లా పడదామని చూస్తాడు. ఆ పదవి తనదేనని, ఇన్‌స్టాల్ చేసిన రోజు పాస్‌వర్డ్ పెట్టినప్పుడే అది తన నెత్తిన పడిందని అతనికి చెప్పేవాళ్లు లేరు.

తమరి మౌనానికి కారణం లేకపోలేదు. డిస్ట్రిబ్యూషన్ (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) ద్వారా వచ్చిన బ్రౌజర్ ఫైళ్లు యూఎస్ఆర్ ఫోల్డర్ కింద రూట్ (సర్వాధికారి ఖాతా) పేరున ఉంటాయి. బ్రౌజర్ నడిచేది మామూలు యూజర్ పేరున. తన ఫైళ్లను తనే మార్చుకునే హక్కు దానికి లేదు, ఆ పని ప్రోగ్రాములను ఎక్కించి, తాజా చేసే ప్యాకేజ్ మేనేజర్‌ది. పద్ధతి మంచిదే. రేపు ఏ మాయదారి ఎక్స్‌టెన్షనో దూరినా ప్రోగ్రామ్ ఫైళ్ల జోలికి పోలేదు. మా ఫిర్యాదల్లా ఒకటే: 'ఇది నా చేతుల్లో లేదు, నన్ను ఇక్కడికి తెచ్చింది ఫలానా వారు, వారినే అడగండి' అని ఒక్క వాక్యం రాయడానికి తమరికి చోటు చాలలేదా? నక్క బొమ్మకు అంత జాగా ఉందే!

ఎందుకంటే అసలు చిక్కంతా అక్కడే. లినక్స్‌లో తమరు ఇంట్లోకి రావడానికి కనీసం నాలుగు దారులున్నాయి: ఆప్ట్ లాంటి ప్యాకేజ్ మేనేజర్, స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ (ఈ రెండూ ప్రోగ్రామును దాని సరంజామాతో కలిపి తెచ్చే పద్ధతులు), వెబ్‌సైట్ నుంచి దించుకున్న టార్ ఫైలు (ఫైళ్ల మూట). ఏ దారిన వస్తే ఆ దారినే కొత్త వెర్షన్ రావాలి. ఒక దారిన వచ్చినదాన్ని ఇంకో దారిన అప్‌గ్రేడ్ చేయబోతే పాతది కొత్తదవదు, ఇంట్లో రెండు నక్కలవుతాయి.

దారి కనుక్కోవడం తమరి తోబుట్టువు 'ఎబౌట్:సపోర్ట్' పేజీ దయ. అడ్రస్ బార్‌లో ఆ పేరు కొట్టి 'అప్లికేషన్ బైనరీ' అన్న వరుస చూస్తే గుట్టు రట్టవుతుంది. దారి స్నాప్ అని మొదలైతే స్నాప్. యాప్ అని మొదలైతే ఫ్లాట్‌ప్యాక్. యూఎస్ఆర్ అయితే ప్యాకేజ్ మేనేజర్ తెచ్చిన ప్యాకేజీ. ఆప్ట్ అనే ఫోల్డరో, హోమ్ ఫోల్డరో అయితే ఎవరో చేత్తో విప్పి పెట్టిన టార్ ఫైలు. (ఓ పీ టీ అక్షరాల ఆ 'ఆప్ట్' ఫోల్డరు వేరు, ఏ పీ టీ అక్షరాల 'ఆప్ట్' కమాండు వేరు. ఈ పేర్లు పెట్టినవారికి కొత్తవాళ్ల మీద ఏం కక్షో!) ఇదే సంగతి తమరి కిటికీలో అన్నిచోట్లా సూటిగా ఒక వరుసగా రాస్తే సగం బాధ తీరేది.

ఇక ఉబుంటు సంగతి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 22.04 నుంచి అక్కడ ఫైర్‌ఫాక్స్ స్నాప్‌గానే దొరుకుతుంది. కానీ ఆప్ట్‌లో ఫైర్‌ఫాక్స్ పేరుతో ఒక ప్యాకేజీని ఇంకా నిలబెట్టి ఉంచారు. లోపల బ్రౌజర్ లేదు, స్నాప్‌ను పిలిచే ఒట్టి డొల్ల. కొత్తవాడు బుద్ధిగా టెర్మినల్లో 'సుడో ఆప్ట్ అప్‌డేట్' కొడతాడు (సుడో అంటే రూట్ అధికారంతో నడపమని). పాస్‌వర్డ్ అడిగితే టైప్ చేస్తాడు, చాలా వెర్షన్లలో తెర మీద చుక్క కూడా కనబడక కీబోర్డు చచ్చిందనుకుంటాడు (చావలేదు, కొట్టేసి ఎంటర్ నొక్కడమే). అప్‌డేట్ అయిపోయిందని సంబరపడతాడు. ఆ కమాండు జాబితాలను మాత్రమే తాజా చేస్తుందని, ప్యాకేజీలు మార్చేది 'అప్‌గ్రేడ్' అని ఎవరో చెబితే అదీ కొడతాడు. 'ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్' కూడా కొట్టి చూస్తే, ఫైర్‌ఫాక్స్ ఇప్పటికే సరికొత్తది అని జవాబు. నిజమే, డొల్ల సరికొత్తదే! తమరి కిటికీలో మాత్రం పాత నంబరు ఎప్పట్లాగే మెరుస్తుంటుంది.

అక్కడ కొట్టాల్సింది 'సుడో స్నాప్ రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్'. అదీ బ్రౌజర్ కిటికీలన్నీ మూశాకే, లేకపోతే ఫైర్‌ఫాక్స్ నడుస్తోందంటూ స్నాప్ మొరాయిస్తుంది. స్నాప్ రోజుకు 4 సార్లు తనంతట తనే కొత్త వెర్షన్లు వెతుకుతుంది. బ్రౌజర్ తెరిచి ఉంటే ఆగి, 'అప్‌డేట్ పెండింగ్‌లో ఉంది, 13 రోజులు మిగిలాయి' అని మూలన ఒక చీటీ చూపిస్తుంది. అప్పులవాడి నోటీసులా ఉండే ఆ చీటీకి అర్థం, 14 రోజుల గడువులోగా మీరు మూయకపోతే ఆ తర్వాత అది మీ వీలు చూడదని. మూసి రెప్పపాటులో మళ్లీ తెరిస్తే చాలాసార్లు పాతదే లేస్తుంది. మూయండి, కమాండు కొట్టండి, అయ్యిందన్నాక తెరవండి. నోటీసులో ఈ మూడు మాటలుంటే ఎంత బావుండేది.

స్నాప్ వద్దు, ఫైర్‌ఫాక్స్ తయారీదారు మొజిల్లా వారి సొంత డెబ్ (ఆప్ట్ ఎక్కించే రకం) ప్యాకేజీ కావాలనుకునేవారికి 2024 జనవరి నుంచి, అంటే 122 వెర్షన్ నుంచి, మొజిల్లా ఆప్ట్ రిపాజిటరీ (ప్యాకేజీల గిడ్డంగి) నడుస్తోంది. తాళంచెవి ఫైలును ఈటీసీలోని ఆప్ట్ కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టాలి, రిపాజిటరీ చిరునామాను సోర్సెస్ జాబితాలో చేర్చాలి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టాలి. ఇంతవరకూ అందరూ చేస్తారు. చేసి ఇన్‌స్టాల్ కొడితే మళ్లీ స్నాపే వచ్చి కూర్చుంటుంది. కారణం ఆ డొల్ల ప్యాకేజీ నంబర్‌లో ఉంది: '1:1స్నాప్1-0ఉబుంటు2'. కోలన్‌కు ముందున్న 1 చూశారా, ఆప్ట్ ముందుగా పోల్చేది దాన్నే. మొజిల్లా ప్యాకేజీకి కోలన్ లేదు కనుక అక్కడ 0 అని లెక్క. 1 ముందు 0 ఎంత? వెనకాల 122 ఉన్నా, 140 ఉన్నా డొల్లదే పెద్దరికం. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెతకు ఇంతకన్నా ఉదాహరణ దొరకదు.

ఆ పెద్దరికాన్ని పక్కన పెట్టడానికి ఆప్ట్ ప్రిఫరెన్సెస్ ఫోల్డర్‌లో మొజిల్లా పేరుతో చిన్న ఫైలు రాయాలి. మూడే వరుసలు: ప్యాకేజ్ ఎదురుగా నక్షత్రం గుర్తు, పిన్ ఎదురుగా ఆరిజిన్ అని రాసి ప్యాకేజెస్.మొజిల్లా.ఆర్గ్, పిన్-ప్రయారిటీ ఎదురుగా 1000. ఇక్కడ 990 వేసి సరిపెట్టుకుందామంటే కుదరదు. ఇన్‌స్టాల్ అయిన డొల్ల నంబరు పెద్దది కదా, దాని స్థానంలో 'చిన్న' నంబరు రావడం ఆప్ట్ దృష్టిలో డౌన్‌గ్రేడ్. దానికి ఒప్పుకునేది 1000 నుంచే. తర్వాత 'ఆప్ట్ పాలసీ ఫైర్‌ఫాక్స్' కొట్టి, క్యాండిడేట్ (ఎక్కబోయే వెర్షన్) వరుసలో స్నాప్ అన్న మాట పోయిందో లేదో చూసుకుని ఇన్‌స్టాల్ చేయాలి.

ఆగండి, స్నాప్‌ను తీసేసే ముందు ఒక మాట. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఉండే ప్రొఫైల్ ఫోల్డరు ఒక్కో దారిలో ఒక్కో చోట ఉంటుంది. మామూలు ప్యాకేజీకి హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే మొజిల్లా ఫోల్డరు అనాది నివాసం. స్నాప్‌దేమో హోమ్‌లోని స్నాప్, అందులో ఫైర్‌ఫాక్స్, అందులో కామన్, అందులో మళ్లీ చుక్క మొజిల్లా. డెబ్ నుంచి స్నాప్‌కు మారినప్పుడు స్నాప్ పాత ప్రొఫైల్‌ను తనే తెచ్చుకుంటుంది. తిరుగు ప్రయాణంలో మాత్రం ఎవరి సామాను వారే మోసుకోవాలి. స్నాప్ రిమూవ్ కొడితే ఆ ఫోల్డరూ పోతుంది. స్నాప్ తీసే ముందు ఒక స్నాప్‌షాట్ (డేటా నకలు) దాస్తుంది గానీ, దాని ఆయుష్షు మామూలుగా 31 రోజులు, అదీ పర్జ్ (ఆనవాలు లేకుండా తుడిచెయ్) అని అడగకపోతేనే. కాబట్టి ముందు బ్రౌజర్ మూసి మొత్తం ప్రొఫైల్‌ను వేరే చోటికి కాపీ చేయండి. విడిగా ఏరుకుంటామంటే బుక్‌మార్కులూ చరిత్రా ప్లేసెస్ అనే ఎస్‌క్యూలైట్ ఫైల్లో ఉంటాయి. పాస్‌వర్డ్‌లకు లాగిన్స్.జేసన్, కీ4.డీబీ రెండూ కావాలి. ఒకటి తెచ్చి ఒకటి వదిలేస్తే పెట్టె వచ్చి తాళంచెవి రానట్టే.

ఇంత చేసినా కొత్త బ్రౌజర్ ఒక్కోసారి బోసిగా, ఒక్క బుక్‌మార్కు కూడా లేకుండా లేస్తుంది. గుండె జారిపోనక్కర్లేదు. 2019లో వచ్చిన 67వ వెర్షన్ నుంచి ఒక్కో ఇన్‌స్టాలేషన్‌కు ఒక్కో ప్రొఫైల్. కొత్త ఇల్లు కనుక కొత్త ప్రొఫైల్ పుట్టించుకుంది, పాతది డిస్క్‌లో పదిలంగానే ఉంది. 'ఎబౌట్:ప్రొఫైల్స్'కు వెళ్లి పాతదాన్ని డిఫాల్ట్ చేస్తే సరి. కానీ కొత్త వెర్షన్‌తో ఒకసారి తెరిచిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్‌తో తెరవబోతే 'మీరు పాత వెర్షన్ నడుపుతున్నారు' అని అడ్డుపడి, కొత్త ప్రొఫైల్ పెట్టుకోమంటుంది. డేటా చెడకుండా కట్టిన గోడ అది. దూకకుండా ఉంటేనే మేలు.

టార్ ఫైలు దారి గురించి చెబితే తమరు సంతోషిస్తారు, ఎందుకంటే తమరికి మళ్లీ మాట వచ్చేది అక్కడే. ఫైలును హోమ్ ఫోల్డర్‌లో విప్పుకుంటే ఆ ఫైళ్లు యూజర్‌వే కనుక బ్రౌజర్ తనను తాను అప్‌డేట్ చేసుకోగలదు, తమరి బటన్ తిరిగి మొలుస్తుంది. సుడోతో ఆ ఓ పీ టీ 'ఆప్ట్' ఫోల్డర్‌లో పడేస్తే మళ్లీ మూగనోమే. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 135 నుంచి ఈ ఫైలు బీజెడ్2 అనే కుదింపు పద్ధతి బదులు ఎక్స్‌జెడ్‌లో వస్తోంది, పాత కమాండు కాపీ కొడితే టార్ తెల్లమొహం వేస్తుంది. అదీ దాటాక మెనూలో బొమ్మ నొక్కితే లేచేది పాత బ్రౌజరే! మెనూ బొమ్మ వెనక ఉన్న డెస్క్‌టాప్ ఫైల్లో 'ఎగ్జెక్' వరుస పాత దారినే చూపిస్తుంటుంది. కొత్త దారితో ఒక డెస్క్‌టాప్ ఫైలు రాసి, హోమ్‌లోని చుక్క లోకల్, షేర్, అప్లికేషన్స్ ఫోల్డర్‌లో పెట్టాలి.

హక్కుల బాధ పడలేక కొందరు 'సుడో ఫైర్‌ఫాక్స్' కొడతారు. అప్‌డేట్ కాదు సరికదా, ప్రొఫైల్‌లో కొన్ని ఫైళ్లు రూట్ పేరున రాసుకుపోతే మర్నాడు మామూలుగా తెరిచినప్పుడు ప్రొఫైల్ అందుబాటులో లేదంటుంది. ఇప్పటి వెర్షన్లు అలా నడవడానికే ఒప్పుకోవు, సంతోషం. అలాగే ఆప్ట్ 'లాక్ దొరకలేదు' అంటే ఆ లాక్ ఫైలును పీకేయకూడదు. వెనక తనంతట తానే జరిగే 'అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్' ఏదో నడుస్తోందని అర్థం, కాసేపు ఆగాలి.

మిగతా ఇళ్లలో ఇంత గొడవ లేదు. ఫెడోరాలో 'సుడో డీఎన్ఎఫ్ అప్‌గ్రేడ్', ఫ్లాట్‌ప్యాక్ అయితే 'ఫ్లాట్‌ప్యాక్ అప్‌డేట్'. ఆర్చ్‌లో మొత్తం సిస్టమ్‌ను కలిపి అప్‌గ్రేడ్ చేయాల్సిందే, బ్రౌజర్ ఒక్కదాన్నే లాగితే లైబ్రరీలతో పొసగదు. డెబియన్ స్టేబుల్‌లో నంబరు చిన్నగా ఉందని కంగారుపడేవాళ్లకు తమరే కాస్త ధైర్యం చెప్పాలి. నంబరు పక్కన 'ఈఎస్ఆర్' అని ఉంటే అది దీర్ఘకాల వెర్షన్. కొత్త హంగులు సుమారు ఏడాదికోసారి, భద్రతా సవరణలు ఎప్పటికప్పుడు.

'పాతదైతే ఏం, నడుస్తోందిగా' అనేవాళ్లకు 2025 మార్చి 14 గుర్తుచేయండి. ఆ రోజు ఒక రూట్ సర్టిఫికెట్ (యాడ్‌ఆన్‌లు అసలైనవని తేల్చే డిజిటల్ ధ్రువపత్రం) గడువు తీరింది. 128 కన్నా పాత వెర్షన్లలో (ఈఎస్ఆర్ అయితే 115.13 కన్నా పాతవాటిలో) యాడ్‌ఆన్‌లు ఆగిపోయే రోజుగా మొజిల్లా ముందే హెచ్చరించిన తేదీ అది.

మా విన్నపం చిన్నది. ఆ కిటికీలో ఒక వరుస, అందులో 'స్నాప్ నుంచి వచ్చాను' అనో 'ఆప్ట్ నుంచి వచ్చాను' అనో ఒక ముక్క, పక్కన కొట్టాల్సిన కమాండు. కావాలంటే నక్కను కొంచెం పక్కకు జరపండి.

ఇట్లు,
తమరు చెప్పేదాకా తన హోదా తెలియని,
ఈ యంత్రపు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్

నకలు: 'ఎబౌట్ క్రోమ్' పేజీ గారికి. లినక్స్‌లో తమరూ మౌనవ్రతులే. డెబ్ ఫైలు ఇన్‌స్టాల్ చేసినప్పుడు తమరి రిపాజిటరీ కూడా చేరుతుంది కనుక ఆప్ట్‌తో పాటే అప్‌గ్రేడ్ అవుతారు, బాగానే ఉంది. కానీ ఉబుంటును ఒక విడుదల నుంచి మరో విడుదలకు మార్చినప్పుడు బయటి రిపాజిటరీలన్నీ ఆపేస్తారు, వాటిలో తమరిదీ ఒకటి. అది మళ్లీ మొదలయ్యేదాకా తమరు ఒక్క అడుగు కదలరు, ఒక్క మాటా చెప్పరు. 'సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్'లో 'అదర్ సాఫ్ట్‌వేర్' ట్యాబ్ తెరిచి ఆ టిక్కు మళ్లీ పెట్టాలని మీ పేజీలో మీరూ ఒక వరుస రాసుకోగలరు.