ఫ్లెక్సీయే మన పురావస్తు శాఖ

చార్మినార్ చుట్టుపక్కల, నగల గల్లీల్లో పాత కట్టడాలు పాడైపోతున్నాయని కొందరు పెద్దలు బెంగ పెట్టుకున్నారు. వాళ్లు ఒకసారి పత్తర్‌గట్టీ నుంచి గుల్జార్ హౌజ్ దాకా నడిచి రావాలని మనవి. పాడైనట్టు అక్కడ ఏదీ కనపడదు. అసలు కట్టడాలే కనపడవు.

1908 మూసీ వరదల తర్వాత నిజాం ప్రభుత్వం 1912లో నగరాభివృద్ధి బోర్డు పెట్టింది. పత్తర్‌గట్టీలో ఒకే వరసన, ఒకే తీరు కమాన్లతో రాతి కట్టడాలు లేపించింది ఆ బోర్డే. ఆ రాయికి ఎండా వానా తగలకుండా ఇవాళ కాస్తున్నవీ బోర్డులే, కాకపోతే ముత్యాల షాపులవి. మనిషి చూపు కూడా తగలనివ్వవు. ఏ మ్యూజియమైనా ఇంత జాగ్రత్త పడుతుందా?

గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు పెద్ద కమాన్లుగా నిలిచిన, 1592 నాటి చార్‌కమాన్ సంగతి వేరు. దాన్ని దాచడం కష్టం. అందుకని పక్కనే కొట్లు పెట్టి, కమాన్ ఎక్కడ అయిపోయి కొట్టు ఎక్కడ మొదలైందో తేలకుండా చేశారు. దీన్ని ప్రజా భాగస్వామ్యం అంటారు.

చట్టం ఏం చేస్తోందని అడిగేవాళ్లూ ఉన్నారు. వారసత్వ కట్టడాలకు జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన రక్షణగా ఉండేది. 2015లో దాన్నే తీసేశారు. కట్టడం కూలిస్తే గొడవ, నిబంధన కూలిస్తే జీవో. తర్వాత 2017లో కొత్త చట్టం వచ్చింది, కాబట్టి ఇక టెన్షన్ అక్కర్లేదు.

ఇంతకీ సముద్రమే లేని ఈ ఊరికి ముత్యాల నగరమని పేరు. ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చిన బస్రా ముత్యాలు, ఇప్పుడు ఎక్కువగా చైనా మంచినీటి ముత్యాలు. ముత్యానికే అక్కర్లేని సొంతూరు గోడలకెందుకట?

ఇక పనివాళ్లు. లాడ్ బజార్ వెనక గల్లీల్లో నిప్పుల ముందు కూర్చుని లక్క కరిగించి, సాగదీసి, గుండ్రంగా వంచి, ఒక్కో రాయీ అతికిస్తారు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ ట్యాగ్ వచ్చింది. గాజుల పేరు ఇంకెవరూ వాడుకోకుండా భద్రం. ఆ పొగ కూడా ఇంకెవరూ పీల్చకుండా భద్రంగానే ఉంది. బంగారం పని చేసే బెంగాలీ కారీగర్లది మేడ మీద ఇరుకు గది. కింద బోర్డు మీద హారం వేసుకుని హీరోయిన్ నవ్వుతుంటుంది. ఆ బోర్డు ఇంకో రెండడుగులు పెరిగితే కారీగర్ కిటికీ మూసుకుపోతుంది. అప్పుడు ఆయన కూడా సంరక్షిత కట్టడమే.

పాత నగ ఇస్తే సేఠ్ కరిగించి కొత్త మోడల్ చేసిస్తాడు. తరుగు మన లెక్కలో వేస్తాడు. నడిమధ్య వాకిలి, చుట్టూ గదులు ఉన్న దేవిడీలను, అంటే పాతకాలపు పెద్దింటి భవంతులను కూడా అలాగే ఇచ్చేసి అద్దాల కాంప్లెక్సులు తెచ్చుకున్నాం. కొత్త మోడల్ ముందు ఫైబర్ కమాన్ ఒకటి పెట్టించాం, అందం కోసం. తరుగు ఎంత పోయిందో బిల్లులో లేదు, మనమూ అడగలేదు.

నగల కార్ఖానాలో మాత్రం లెక్క గట్టిది. గచ్చు ఊడ్చిన దుమ్ము కూడా పారెయ్యరు, కడిగి బంగారు రజను తీస్తారు. దేవిడీ కూల్చిన చోట దుమ్ము లారీలో పోతుంది. టేకు స్తంభాలు మాత్రం పోవు. ఏ రిసార్టు వాడో మంచి రేటిచ్చి పట్టుకెళ్లి రిసెప్షన్‌లో నిలబెడతాడు. సెల్ఫీకి అక్కడ లైటింగ్ కూడా బాగుంటుంది.