డబుల్ ఫ్లోరిన్ అమ్మగారికి బహిరంగ లేఖ

అమ్మా డబుల్ ఫ్లోరిన్ గారూ,

నమస్కారాలు. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన 1887లో మీరు బ్రిటన్‌లో వెండి నాణెంగా పుట్టారు. 1890తో మీ ముద్రణ ఆగిపోయింది. నాలుగేళ్ల ఉద్యోగం! ఇంత తక్కువ సర్వీసుకి ఇంత గౌరవం ఎవరికీ దక్కలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీ విలువ నాలుగు షిల్లింగులు. ఆ ముక్క మీ మీద ఎక్కడా రాయలేదు. పక్కనే క్రౌన్ అనే ఐదు షిల్లింగుల నాణెం. ఆవిడ మీద కూడా అదే రాణి, నెత్తిన అదే బుల్లి కిరీటం. (ఆ కిరీటం ఎప్పుడు జారిపడుతుందోనని మాకిప్పటికీ టెన్షనే.) ఆవిడ వెడల్పు 38 మిల్లీమీటర్ల పైచిలుకు, మీరు 36. ఆవిడ బరువు 28 గ్రాములు, మీరు 22న్నర. తిప్పి చూస్తే తేడా తెలిసిపోతుంది లెండి: గుర్రమెక్కి డ్రాగన్‌ని పొడిచే సెయింట్ జార్జ్ ఉంటే క్రౌన్, శిలువలా పేర్చిన నాలుగు డాళ్లుంటే మీరు. కానీ రద్దీగా ఉన్న పబ్బులో, దీపాల వెలుగులో, ఎవరు తిప్పి చూస్తారు? గ్లాసులు అందించే పిల్ల మిమ్మల్ని క్రౌన్ అనుకుని ఐదు షిల్లింగులకు చిల్లర ఇచ్చేసేదట. అలా మీకు 'బార్‌మెయిడ్స్ రూయిన్', అంటే పబ్బు పిల్ల కొంప ముంచేది అని బిరుదొచ్చింది.

జనం మిమ్మల్ని చూస్తే తప్పుకున్నారు. అక్కడే మీ అదృష్టం పండింది.

ఇప్పుడు గ్రేడింగు, అంటే పాత నాణెం ఎంత అరిగిందో చూసి మార్కు వేయడం, జరిగే బల్ల దగ్గరకు రండి. భూతద్దం పెట్టి ముందు ఎత్తైన చోట్లు చూస్తారు: కనుబొమ్మ, చెంప, చెవి పైనున్న జుట్టు, ముసుగు మడతలు. అరిగేది అక్కడే. మీకు అక్కడ అరుగుదల తక్కువ, మెరుపు మిగిలే ఉంది. "ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్!" అంటారు. పక్కన అదే ఏడాది షిల్లింగు. ఐదున్నర గ్రాముల మనిషి. రొట్టెలకూ, బొగ్గులకూ, ఇంటద్దెకూ చేతులు మారీ మారీ రాణిగారి జుట్టు నున్నబడింది. "ఫైన్" అని పక్కన పడేస్తారు, పేరుకే ఫైన్, అర్థం బాగా అరిగిందని. అంతకంటే అరిగితే "ఫెయిర్", అంటే వెండి బరువుకు అమ్ముకోమని. మా ఆఫీసుల్లోనూ ఇంతే లెండి, ఫైలు ముట్టని వాడి టేబులే నీటుగా ఉంటుంది.

అమెరికా వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి 70 మార్కుల స్కేలు పెట్టారు. 60, ఆ పైన వస్తే అసలు చెలామణిలోకే వెళ్లనట్టు. 70 వస్తే పుట్టినప్పటి నుంచీ ఒక్క పని కూడా చెయ్యలేదని సర్టిఫికెట్.

ఒక్క విషయంలో మాత్రం మీరూ షిల్లింగూ సమానమే. విభూతి పెట్టి పరపరా తోమి "తళతళలాడించాను" అని మురిసిపోయే చేయి తగిలితే ఇద్దరి గ్రేడూ గోవిందా. ఏళ్ల తరబడి పట్టిన ఆ నీలి, బూడిద రంగు పొర పోయి సన్నని గీతలు మిగులుతాయి. కొనేవాడు దీపం కింద ఒకసారి వాల్చి చూసి, ధర సగానికి దించుతాడు.

ఇంకో చిన్న మాట. 1877 నుంచి మా రూపాయల మీద విక్టోరియాని 'ఎంప్రెస్' అని రాశారు. పదేళ్ల తర్వాత పుట్టిన మీ మీద భారతదేశం ఊసే లేదు. 'ఇండ్ ఇంప్', అంటే భారత సామ్రాజ్ఞి అనే అక్షరాలు బ్రిటన్ నాణేల మీదికి 1893లో గానీ రాలేదు. సామ్రాజ్యం మాకు చూపించడానికే గానీ, అక్కడి పబ్బుల్లో చెప్పుకోవడానికి కాదన్నమాట.

1971లో షిల్లింగులూ పెన్నీల లెక్క మార్చినప్పుడు కూడా మిమ్మల్ని రద్దు చెయ్యలేదట. ఇప్పటికీ 20 పెన్నీలకు చెల్లుతారు. లండన్‌లో ఎవరైనా మిమ్మల్ని కౌంటర్ మీద పెడితే మాకు కబురు పెట్టండి, క్యాషియర్ ముఖం చూడాలనుంది.

ఇట్లు,
'ఫైన్' గ్రేడు షిల్లింగు తరఫు వకీలు