7 కిలోహెర్ట్జ్‌లో గొంతులకు చోటెక్కడ?
472–479 కిలోహెర్ట్జ్ బ్యాండులో హామ్‌లు (సరదాకు రేడియో నడిపే లైసెన్సుదారులు) మాట్లాడుకోవడానికి కూడా చోటివ్వాలని వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. 2012లో ప్రపంచ రేడియో సదస్సు ఇచ్చిందే 7 కిలోహెర్ట్జ్. సైడ్‌బ్యాండ్ అనే గొంతు పంపే పద్ధతిలో ఒక్క గొంతుకే దాదాపు మూడు కిలోహెర్ట్జ్ కావాలి, రెండు సంభాషణలు నడిస్తే బ్యాండు నిండిపోతుంది. చుక్కలు, గీతల మోర్స్ సంకేతాలకు రెండు వందల హెర్ట్జ్ సరిపోతాయి, విస్పర్‌కైతే (బలహీనమైన సంకేతాన్ని రెండు నిమిషాల పాటు పంపి కంప్యూటర్‌తో పట్టే పద్ధతి) 6 హెర్ట్జ్ చాలు. పైగా ప్రసరించే శక్తి మామూలుగా 1 వాట్ దాటకూడదు. తరంగం పొడవు 630 మీటర్లు, పావు తరంగం తీగ నిలువుగా కట్టాలంటే మన నాగార్జునసాగర్ డ్యామ్ కన్నా ఎత్తు కావాలి! అందుకే అందరూ పొట్టి యాంటెనాలతోనే సర్దుకుంటారు, పంపిన దాంట్లో చాలా భాగం వేడిగానే పోతుంది. నాకింకా లైసెన్సు లేదు, వినడం వరకే. దేవరకొండ దగ్గర మా పొలంలో వేపచెట్టుకు తీగ కట్టి రాత్రిళ్లు వింటాను. పక్క బోరు స్టార్టర్, ఎల్‌ఈడీ బల్బుల గరగర ఒకవైపు, వానాకాలమైతే మెరుపుల పటపటలు ఇంకోవైపు. చలికాలం రాత్రుల్లో ఆ గోల కాస్త తగ్గాక, రెండు నిమిషాలు ఓపిగ్గా ఆగితే విస్పర్ సంకేతం ఒక సన్నటి గీతగా స్క్రీన్ మీద కనబడుతుంది. దాని మీద గొంతు పడితే ఆ రెండు నిమిషాలూ పోయినట్టే. మాట్లాడాలనుకునే వాళ్లకు 40, 80 మీటర్ల బ్యాండ్లు ఉండనే ఉన్నాయి.